మన వెబ్‌సైటు సర్వరు – జీర్ణోద్ధరణావశ్యకత
(హంసలదీవియందు జరిగిన వార్షిక మహాసభలో చదువబడిన ఉపన్యాసము)



కృష్ణవేణి సముద్రునిలో లీనమగు ఈ హంసలదీవియందు, శ్రీ వేణుగోపాలస్వామివారి సన్నిధిని, మన వార్షిక మహాసభ సమకూడుట మనకందఱకు ఆనందదాయకము. కాకి యొకటి యీ సంగమమున మునిగి హంసయై తేలెనని స్థలపురాణము చెప్పుచున్నది. పాతబడి, నడవలేక నడచుచున్న మన సంఘపు వెబ్‌సైటునకును అట్టి స్నాన మొకటి చేయింపవలసిన సమయము వచ్చినది. విద్యను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు గంభీరముగ నుపన్యసించిన పిమ్మట, సర్వరనియు సాఫ్టువేరనియు మేము మాటలాడుట కొందఱకు విసుగు గలిగింపవచ్చును. ఐనను ఆ విద్యయు, ఆ వసతియు నేడు మన పిల్లలకందు త్రోవ యిదియే గనుక, కొంచెముసేపు ఓపికతో వినవేడెదము.

ఒకప్పుడు మన సంఘ కార్యాలయమనగా బందరులో ఒక గది, ఒక బీరువా, ఒక రసీదు పుస్తకము. తరువాత యువకు లుత్సాహపడి వెబ్‌సైటు నొకదానిని నెలకొల్పిరి. మొదట దానియందు కార్యవర్గమువారి పేళ్లు, మహాసభల ఛాయాచిత్రములు, సంఘచరిత్ర మాత్రమే యుండెడివి. వచ్చి చూచువారును కొలదిమందియే. క్రమముగా వివాహ పరిచయములు, వసతిగృహములో స్థానములు, విద్యార్థి వేతనముల దరఖాస్తులు, చందాల చెల్లింపులు, అన్నియు నందులోనికి వచ్చి చేరినవి. గుడివాడనుండి గాని, డల్లాసునుండి గాని మనవారు మన కార్యాలయపు గడప త్రొక్కుట యిప్పుడా వెబ్‌సైటు ద్వారముననే. ఇల్లు అదియే, వచ్చు చుట్టములు మాత్రము నూఱింతలైరి.

గత సంవత్సరము జరిగినదానిని దాపఱికము లేక మనవి చేసెదము. విద్యార్థి వేతనముల దరఖాస్తులకు కడపటి దినమది. సాయంకాలము మొదలుకొని వెబ్‌సైటు కుంటసాగినది. రాత్రి తొమ్మిది గంటలకు పూర్తిగా నిలిచిపోయినది. తెల్లవాఱుజామున లేచునప్పటికి గడువు దాటిపోయినది. నిర్వహణభారము వహించిన ఉపసంఘమువారము మేమే గనుక తప్పును మాదియే. పాత సాఫ్టువేరును మార్పవలసినదని యంత్రసంరక్షకులు మాకు రెండు పర్యాయములు వ్రాసిరి. నడచుచున్నదానిని కదలింపనేల యని మేము మిన్నకుంటిమి.

మఱుసటి దినమున నాగాయలంక వైపునుండి యొక రైతు, కాగితములు సంచిలో పెట్టుకొని మమ్ము వెదకికొనుచు బందరునకు వచ్చెను. ఆయన కోపగింపలేదు. ఆయన మాటల నట్లే వ్రాయుచున్నాము. "బాబుగారూ, మా పిల్ల రాత్రి రెండింటిదాకా ఆ ఫోను పట్టుకునే కూర్చుందండి. అన్నీ నింపి చివర్న నొక్కితే తెల్లగా అయిపోతుందంట, మళ్లీ మొదట్నించీ. మాకిది కొత్తేం కాదులెండి. కాలవ మొదట్లో ఉన్నోళ్ల చేలు తడిసినాక మా శివారుకి నీళ్లొచ్చినట్టే ఇదీను."

ఆ బాలిక కాగితములను మేము చేతితో పుచ్చుకొంటిమి. కాని బస్సు చార్జీయు, ఒక దినపు కూలియు వదలుకొని బందరు రాలేని తండ్రుల పేళ్లు మా పుస్తకములో లేవు. మాకు నిద్రపట్టకుండ జేసినది ఆ లేని పేళ్లే.

కృష్ణ తూర్పు కాలువ నీరు పులిగడ్డ ఆక్విడక్టు మీదుగా దివిసీమలో ప్రవేశించి, కోడూరు, నాగాయలంక శివారులను జేరునప్పటికి ఎట్లు సన్నగిల్లునో మీకు మేము చెప్పనక్కఱలేదు. ఆ రైతు ఉపమానముగా పలికిన మాట అక్షరాల సత్యమని, యంత్రపు దినచర్య పుస్తకమును విప్పి చూచిన పిమ్మట మాకు తెలియవచ్చినది. ఆ సంగతి తెలియుటకు సర్వరనగానేమో కొంచెము చెప్పవలసియున్నది.

సర్వరనగా వడ్డించునది. ఎచ్చటనో యొక భవనములో రాత్రింబవళ్లు మేలుకొనియుండు కంప్యూటరది. మనము ఫోనులో మన సంఘపు పేరు నొక్కగానే, మన కోరిక దానికి జేరును. అది కోరిన పుటను తీసి మనకు పంపును. యంత్రము శరీరము వంటిది. దానియందు వడ్డన పద్ధతిని నిర్ణయించు సాఫ్టువేరు ప్రాణము వంటిది. అందుచే ఒకే యంత్రము వడ్డన పద్ధతినిబట్టి నూర్గురకు చాలకపోవచ్చును, వేలమందికి చాలవచ్చును.

1995లో వెలువడి లోకమంతట వ్యాపించిన అపాచీ యను సర్వరు సాఫ్టువేరు మొదట నవలంబించిన పద్ధతి యిట్టిది. వచ్చిన ప్రతి యతిథికి నొక వడ్డనదారుని ప్రత్యేకముగా నియమించును. ఆ యతిథి భోజనము ముగించి చేయి కడుగుకొనువఱకు ఆ వడ్డనదారుడు వేఱొక విస్తరివంక చూడడు. పదిమంది చుట్టములు వచ్చిన యింట నిది గొప్ప మర్యాద. వేయిమంది కూర్చున్న పెండ్లిపందిరిలో నిది సాధ్యమగునా? మన పెద్దలు పంక్తి భోజనములలో నేమి చేయుదురు? ఒకడు పప్పు బకెట్టుతో, నింకొకడు పులుసుతో పంక్తివెంబడి నడచుచు, ఎవరి విస్తరి ఖాళీయయ్యెనో వారికి వడ్డించుచు సాగిపోవును. నలుగురు మనుష్యులు నాలుగువందలమందిని తృప్తిపఱతురు.

ఒకే సర్వరు ఒకేసారి పదివేలమందికి వడ్డించుట యెట్లను ప్రశ్నను 1999లో డాన్ కెగెల్ అను అమెరికా దేశపు ఇంజినీరు స్పష్టముగా వ్రాసి లోకము ముందుంచెను. ఇగోర్ సిసోయెవ్ అను రష్యా దేశీయుడు పంక్తివడ్డన వంటి పద్ధతిపై ఇంజిన్‌ఎక్స్ అను సాఫ్టువేరును వ్రాసి 2004లో ప్రకటించెను. అపాచీవారును ఊరకుండలేదు. 2012లో వెలువడిన 2.4వ సంపుటమున నిట్టి పద్ధతిని స్థిరపఱచిరి. ఈ రెండును మూల్యము లేకయే దొరకునవి. మన సర్వరు మాత్రము పాత మర్యాదతోనే నడచుచుండెను.

ఇప్పుడు శివారు సంగతి వినుడు. విజయవాడలోనో హైదరాబాదులోనో మంచి ఇంటర్నెట్టుగల విద్యార్థి కొద్ది క్షణములలో పుట నందుకొని వడ్డనదారుని విడిచిపెట్టును. ఏటిగట్టు మీద నొక గీటు సిగ్నలుతో కూర్చున్న విద్యార్థికి అదే పుట దిగుటకు నిమిషము పట్టును. ఆ నిమిషమంతయు నొక వడ్డనదారుడు చేతులు కట్టుకొని యతనియొద్దనే నిలువబడవలయును. అట్టివారు నూర్గురు చేరునప్పటికి వడ్డనదారు లందఱును చిక్కుపడిరి. యంత్రపు మెదడు చాలవఱకు ఖాళీగానేయున్నది. జ్ఞాపకశక్తి మాత్రము నిండిపోయినది. అప్పుడు పాత సాఫ్టువేరు తన నియమము చొప్పున, ఆలస్యము చేయువారి తాడు కోసినది. ఎవరి తాడు తెగినది? శివారువారిది. వారు మఱల మొదటినుండి నింపబూనిరి. వారు మఱల వచ్చుటచే రద్దీ ఇబ్బడియైనది. ముందుగా నష్టపడినవారు వారు. రెండవమాఱును నష్టపడినవారు వారే.

లోపము లింకను రెండు కనబడినవి. దరఖాస్తుదారుని పేరు వెదకవలసినప్పుడెల్ల మన దత్తాంశ భాండాగారము, విషయసూచిక లేని దస్త్రములో మొదటి పుటనుండి తిరుగవేయు గుమాస్తావలె, అన్ని పేళ్లను చదువుచుండెను. సూచిక యొకటి యేర్పఱచినచో తిన్నగా ఆ పేరునొద్దకే పోగలదు. రెండవది చెప్పుటకు కొంచెము సంకోచించుచున్నాము. మొదటి పుటయందు మన దాతల నిలువెత్తు ఛాయాచిత్రములు, తీసినవి తీసినట్లే, యెక్కింపబడియున్నవి. దరఖాస్తు కొఱకు వచ్చిన ప్రతి బాలుడును ముందుగా ఆ చిత్రములన్నిటిని తన చిన్న ఫోనులోనికి మోసికొనవలసి వచ్చెను. మహాదాతలు మన్నింతురుగాక. వారి గౌరవము రవంతయు తగ్గకుండ చిత్రముల బరువు మాత్రము పదియవవంతునకు దింపవచ్చును.

రద్దీ పెరిగినకొలది క్రమముగా నెమ్మదింపవలసినది గాని, యిట్లు హఠాత్తుగా కూలుటేల యని యధ్యక్షులవారు మమ్మడిగిరి. దీనికి సమాధానము నూఱేండ్లకు మునుపే దొరికినది. కోపెన్‌హేగెన్ నగరపు టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, ఎన్ని తీగలున్నచో ఎందఱి పిలుపులకు చాలునో లెక్కకట్టుచు 1909లో నొక వ్యాసము ప్రకటించెను. బారులు తీరుటను గూర్చిన శాస్త్రమున కదియే పునాది. ఆ లెక్క సారాంశమిది. సగటున 1 సెకను పట్టు పని యొకటి కలదనుకొందము. జనులు వేళాపాళా లేక వచ్చుచుందురు. యంత్రము తన శక్తిలో సగము పనిలో నుండగా వచ్చినవాడు సగటున 2 సెకనులలో బయటపడును. నూటికి 80 పాళ్లు పనిలో నుండగా 5 సెకనులు. 90 పాళ్లయినచో 10. 95 పాళ్లయినచో 20. అనగా సగమునుండి ఎనుబదివఱకు మనకేమియు తెలియదు. కడపటి కొలది పాళ్లలో ప్రాణము పోవును. నిన్న చక్కగా నడచినదను మాట రేపటికి హామీ కాదు.

1961లో జాన్ లిటిల్ అను అమెరికా విద్వాంసుడు నిరూపించిన సూత్రము మఱియు సులభము. సెకనునకు 100 మంది వచ్చుచు, ఒక్కొక్కరి పనికి 2 సెకనులు పట్టినచో, ఏ క్షణమున జూచినను లోపల 200 మంది యుందురు. వచ్చువారిని మనము తగ్గింపలేము, తగ్గింపరాదు. పనికి పట్టు కాలమును 2 సెకనులనుండి సెకనులో అయిదవవంతునకు దింపినచో, లోపల నుండువారు 20 మందియే. యంత్రము మారలేదు. గది వెడల్పు కాలేదు. ఐనను పదింతలు విశాలమైనది. సాఫ్టువేరు సంస్కరణమును మేము ముందుగా కోరుటకు కారణమిదియే.

ఇట్టి కష్టము చిన్న సంఘములకు మాత్రమే కలుగునని తలపవలదు. అమెరికా ప్రభుత్వమువారు ఆరోగ్య భీమా కొఱకు 2013 అక్టోబరు 1వ తేదీన మహావైభవముగా వెబ్‌సైటు నొకదానిని తెఱచిరి. మొదటి దినమున తుదివఱకు చేరి చేరికను పూర్తిచేసికొనగలిగినవారు ఆఱుగురు. ధనమునకు లోటులేని ప్రభుత్వమది. ముందుగా తగినంత పరీక్షింపకుండుటయే వారి లోటు. తరువాత దోషములను సవరించి, రద్దీవేళ వచ్చినవారిని వరుసలో కూర్చుండబెట్టు నేర్పాటు చేసి నిలబెట్టుకొనిరి.

మన రైల్వే టిక్కెట్ల వెబ్‌సైటు కథ మనకింకను దగ్గఱది. 2002 ఆగస్టులో ప్రారంభమైన ఆ సదుపాయము, కాలక్రమమున ఉదయము పది గంటల తత్కాల్ వేళకు ఊపిరాడని స్థితికి వచ్చెను. తిరుగుచున్న చక్రము గుర్తును చూచుచు కూర్చుండి చోటు పోగొట్టుకొననివారు ఈ సభలో నెందఱుందురు? 2014 ఆగస్టులో నూతన వ్యవస్థను ప్రవేశపెట్టిరి. అంతకుముందు నిమిషమునకు 2,000 టిక్కెట్లీయగలిగినది, 7,200 ఈయగలదని ప్రకటించిరి. అంతటితో నాగక 2015 జూను 15వ తేదీనుండి ఏసీ తరగతుల తత్కాల్‌ను పది గంటలకును, తక్కిన తరగతులను పదునొకండు గంటలకును విభజించిరి. ఈ రెండవ సంస్కరణమున కొక్క యంత్రమును కొనవలసిన పనిలేదు. ఒక రేవునకు రెండు పడవ లొకేసారి రాకుండ వేళలు మార్చుటయే.

2021 ఏప్రిలు 28వ తేదీ సాయంకాలము నాలుగు గంటలకు, పదునెనిమిదేండ్లు నిండినవారందఱకు టీకా నమోదు కోవిన్ వెబ్‌సైటులో తెఱవబడినది. ఆరంభ నిమిషములలో నది తడబడినది. ఐనను కోలుకొని ఆ దినము ముగియులోపల కోటికి పైగా జనులను నమోదు చేసికొన్నది. పడకుండుట గొప్పయే. పడినను వెంటనే లేచుట యింకను గొప్ప. మనది పడి తెల్లవాఱువఱకు లేవలేదు. పడినదని మేలుకొలుపు గంట మ్రోగించు నేర్పాటైనను మేము చేసికొనలేదు.

తిరుమలను గూర్చి వేఱుగా చెప్పనేల? వైకుంఠము క్యూకాంప్లెక్సులో యాత్రికులను కంపార్టుమెంట్లలో కూర్చుండబెట్టి, పాలు, అన్నప్రసాదము నందించుచు, ఆలయము పట్టినంతమందినే విడతలుగా వదలుదురు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లు వెబ్‌సైటులో తెఱచునప్పుడును ఆ ధర్మమునే పాటించి, వచ్చినవానిని వరుసలో నిలిపి, యింకను నింతసేపు వేచియుండవలయునని తెలుపుదురు. వేచియుండుట కష్టమే. కాని తన వంతు వచ్చునని తెలిసి వేచియుండుట వేఱు, నింపిన కాగితము నింపినట్లే మాయమగుట వేఱు.

ఈ దృష్టాంతముల వెలుగులో మేము తలపెట్టిన కార్యక్రమమును క్రమముగా మనవి చేయుచున్నాము.

మొదటిది, దత్తాంశమునకు నకలు. ఉన్న సమస్త సమాచారమునకు ప్రతులు తీసి, వేఱువేఱు చోట్ల నుంచవలయును. నకలు తీసితిమని సంతోషించినచో చాలదు. ఆ నకలునుండి మఱల వెబ్‌సైటును లేవనెత్తి చూచుకొనవలయును. వంటయింటిలో నిప్పుపెట్టె యుండుట వేఱు, పుల్ల వెలుగుట వేఱు.

రెండవది, జీర్ణించిన సాఫ్టువేరును మార్చుట. మన వెబ్‌సైటు పీహెచ్‌పీ యను భాషయందు వ్రాయబడినది. అందులోను 5.6వ సంపుటము. దానికి తయారీదారులు రక్షణ సవరణలిచ్చుట 2018 డిసెంబరు 31వ తేదీతో మానివేసిరి. అనగా అందు దొంగ దూఱు కన్నము కనబడినను పూడ్చువారు లేరు. 2015 డిసెంబరులో వెలువడిన 7వ సంపుటమే దానికంటె పెక్కు పనులను ఇంచుమించు రెండింతల వేగముతో చేయును. ఇప్పటివి అంతకంటె మేలైనవి. మన పుస్తకములలో పెండ్లిపిల్లల జాతకములు, తల్లిదండ్రుల ఆదాయ పత్రములు, బ్యాంకు సంఖ్యలు కలవు. 2023లో వ్యక్తిగత దత్తాంశ సంరక్షణకు పార్లమెంటువారు చట్టము చేసిరి. చట్టము లేకున్నను, నమ్మి యిచ్చినవారి గుట్టు కాపాడుట మన ధర్మము.

మూడవది, వడ్డన పద్ధతిని మార్చుట. ముందు వరుసలో ఇంజిన్‌ఎక్స్ వంటి సాఫ్టువేరు నిలిపినచో, నెమ్మదిగా నందుకొను శివారు ఫోనుల బాధ్యతను అదియే వహించి, వెనుకనున్న వడ్డనదారులను విడిపించును. ఏటిగట్టు మీది బాలిక నిమిషము తీసికొన్నను ఒకరికి నడ్డము కాదు, ఆమె తాడును తెగదు.

నాలుగవది, ముందుగా వండియుంచుట. గుడిలో ప్రతి భక్తునకు వేఱుగా పులిహోర కలుపరు. కలిపి దొప్పలలో నమర్చి యుంచుదురు. వేతనముల నియమములు, కళాశాలల పట్టిక, వసతిగృహపు వివరములు అందఱకును నొక్కటియే గదా. వాని నడిగిన ప్రతిపర్యాయము వండకుండ, సిద్ధముగా నుంచి యందించుటను కాషింగ్ అందురు. దీనివలన యంత్రపు పనిలో పెద్దభాగము తగ్గును.

ఐదవది, ముందుగా పరీక్షించుట. నిజమైన సర్వరునకు జంటగా నొక నమూనా సర్వరును నిలిపి, జేమీటరు వంటి ఉచిత సాధనములచే కృత్రిమముగా రద్దీని కల్పించి, ఎచ్చట విఱుగునో చూడవలయును. మార్పుల నొక్కొక్కటిగా చేయవలయును. ఒకటి పొసగనిచో వెనుకకు మరలు త్రోవ యుంచుకొనవలయును. ఈ పని దరఖాస్తుల కాలమున గాక, జనసంచారము లేని నెలలలో జరుగవలయును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. గేటునకు గ్రీసు పూయవలసినది వేసవిలోగాని ఆ రాత్రి కాదుగదా.

ఆఱవది, గడువు ధర్మము. కడపటి దినము జిల్లాకొకటిగా వేఱుపఱచవలయును. సగము నింపిన దరఖాస్తు నింపినంతవఱకు భద్రముగా నుండవలయును. మా దోషముచే వెబ్‌సైటు ఎంతసేపు నిలిచిపోవునో అంతకు రెండింతలు గడువు తనంతట తానే పెరుగవలయును. ఇది యంత్రమునకు సంబంధించినది కాదు. మన నియమావళిలో చేర్పవలసిన వాక్యము.

ఇక పెద్దలు కొందఱు, ఈ బాధలన్నియు నేల, ఇంతకు రెండింతల పెద్ద యంత్రమును కొనిపెట్టెదమని ఔదార్యముతో పలికిరి. వారికి కృతజ్ఞులము. పెద్ద యంత్రమక్కఱ లేదని మేమనము. సంస్కరణ ముగిసిన పిమ్మట లెక్క చూచి, చాలనిచో అడిగెదము. కాని పద్ధతి మార్పక యంత్రమును పెంచుట, బోదెలు పూడిన కాలువకు తలుపులు వెడల్పు చేయుటయే. మొదటివారి చేలు మునుగును. శివారు ఎండును. మఱియు మనకు రద్దీ యేడాదిలో కొలది దినములే. మాఘపూర్ణిమనాడు ఈ సంగమమునకు జనులు వేలకొలది వత్తురు. ఆనాటి కొఱకు బస్సులను తెచ్చి నడుపుదురు గాని, యేడాది పొడవున నుంచుకొనరు. పెండ్లికి వంటపాత్రలు అద్దెకు తెచ్చుకొనునట్లు, క్లౌడు అను పద్ధతిన ఆ కొలది దినములకు అదనపు యంత్రశక్తిని అద్దెకు తీసికొనవచ్చును. సాఫ్టువేరు చక్కగానున్నప్పుడే ఆ అద్దె శక్తియు ఉపయోగపడును.

మఱియొక సందేహమును పోగొట్టవలయును. వాట్సాపు గుంపులుండగా వెబ్‌సైటేల యని యువకులు కొందఱనుచున్నారు. గుంపులో కబురు చెప్పవచ్చును. దరఖాస్తు పుచ్చుకొని, రసీదిచ్చి, వరుస తప్పకుండ విచారించి, పదియేండ్ల పిమ్మట లెక్క చూపుట గుంపునకు సాధ్యము కాదు. పైగా గుంపులో లేనివాడు లోకములో లేనివాడగును. అట్టివారిలోను శివారువారే యెక్కువ.

తుదకు ధనము సంగతి. మహాదాతలారా! మీరు వసతిగృహమునకు గదులిచ్చితిరి. ప్రతి గది ద్వారము మీదను మీ తల్లిదండ్రుల పేళ్లు శిలాఫలకములపై ప్రకాశించుచున్నవి. సాఫ్టువేరునకు ద్వారబంధము లేదు, శిలాఫలకము నిలుపు గోడ లేదు. ఈ పని చక్కగా జరిగినచో ఎవరికిని కనబడదు. దరఖాస్తు దాఖలైనదని యొక చిన్న వాక్యము ఫోనులో కనబడును, అంతియే. అందువలననే దీనికి దాతలు కఱవగుచున్నారు. ఒకమాఱు చేసి విడిచినచో చాలుననుటయు పొరపాటు. 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట దాదాపు నూఱేండ్లు నిలిచి 1952లో తెగినది. ప్రకాశము బ్యారేజీ 1957లో వచ్చినది. రాయియే నూఱేండ్లకు తెగినప్పుడు, సాఫ్టువేరు అయిదేండ్లకే ముసలిదగుట యాశ్చర్యమా? కావున ఒకసారి యిచ్చు పెద్ద విరాళముకంటె, ఏటేట వచ్చు చిన్న నిధియే దీనికి జీవనాధారము.

ఈ మహాసభవారిని మేము ప్రార్థించునవి మూడు. వెబ్‌సైటు సంరక్షణకు శాశ్వత నిధి నొకదానిని ప్రత్యేకముగా నేర్పఱచి, దానినుండి యితర పనులకు తీయరాదని తీర్మానింపుడు. వెబ్‌సైటు నిలిచిన కాలమునకు రెండింతలు గడువు పెంచు నియమమును ఈ సమావేశముననే ఆమోదింపుడు. ప్రతి సంవత్సరము దరఖాస్తుల కాలమునకు రెండు నెలలు ముందుగా పరీక్ష జరిపి, దాని ఫలితమును కార్యవర్గము ముందుంచవలసినదిగా మమ్ము నాజ్ఞాపింపుడు. ఆ పరీక్ష బందరు కార్యాలయములోని మంచి ఇంటర్నెట్టుతో జరుపుట చాలదు. కోడూరు దాటి, ఈ సముద్రపుటొడ్డున నిలువబడి, సామాన్యమైన ఫోనుతో దరఖాస్తు నింపి పంపగలిగినప్పుడే వెబ్‌సైటు నడచుచున్నదని మేము వ్రాసెదము. అంతవఱకు నడచుచున్నదని వ్రాయము.

1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన ఈ తీరమున వేలకొలది ప్రాణములను పొట్టనబెట్టుకొన్నది. అటుపిమ్మట తీరగ్రామములలో తుపాను షెల్టరులు కట్టబడినవి. అవి యేడాదిలో చాలదినములు ఖాళీగానే యుండును. ఐనను వానిని కట్టుట నిండు దినమును తలచుకొనియే. మన వెబ్‌సైటును కూడ నిండు దినమును తలచుకొని చక్కబెట్టుకొందముగాక.

ఆ నాగాయలంక రైతు బిడ్డ మఱల ఈ సంవత్సరము దరఖాస్తు చేయవలసియున్నది. ఆమె రాత్రి రెండు గంటలవఱకు మేలుకొనవలసిన పని లేకుండ జేయుట మన చేతిలోనున్నది. కాలువకు నీరు వదలితిమని చెప్పుకొనుటలో గొప్పలేదు. శివారు పొలము తడిసెనో లేదో పోయి చూచివచ్చుటయే పెద్దరికము.